ముత్తన్న ఒంట్లో సేంద్రియ సాగు

రుద్రూర్ నుంచి బోధన్ పోయే దారిలో, చెరుకు తోటల మధ్య ఉన్న ఆ ఊళ్లో ముత్తన్న ఇల్లెక్కడని అడిగితే, ఏ ముత్తన్న అని ఎదురడుగుతారు. ఆకుల ముత్తన్న అంటే చాలు, ఎడ్లను తోలుకుపోతున్న మనిషి కూడా ఆగి దారి చూపిస్తాడు. అడిగినవాడు నడివయసు మగవాడైతే, చూపిస్తూ చూపిస్తూ కాస్త నవ్వుతాడు కూడా.

ఆకులు ఇంటిపేరు కాకముందు ముత్తన్న వట్టి ముత్తన్నే. కొంత పసుపు, కొంత చెరుకు, కాలువ కింద కొంత వరి. రైతుగా అతనికి ఒకటే పిచ్చి, పరీక్ష. వడ్లు చల్లే ముందు గుప్పెడు విత్తనం తడి గోనెసంచిలో చుట్టి, మొలకలెన్ని వచ్చాయో చూడనిదే నారుమడిలోకి దిగడు. విత్తనాల దుకాణం విష్ణు తన పిల్లల మీద ఒట్టేసినా వినడు. "నీ పిల్లలు మంచోళ్లే విష్ణూ, వడ్ల సంగతి నాకు గోనె చెప్పాలె" అంటాడు.

ఇన్ని పరీక్షల మనిషి, పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగకపోతే ఏం చేశాడు? భార్యను పంపాడు.

అఖిల బోధన్‌లో చూపించుకుంది. నిజామాబాద్‌లో చూపించుకుంది. ఎవరో చెబితే నాందేడ్ దాకా పోయి మరాఠీ డాక్టరమ్మకు చూపించుకుంది. రక్తం తీశారు, స్కానింగులు తీశారు, నొప్పితో మెలికలు తిరుగుతుంటే లోపలికి మందు ఎక్కించి ఫొటోలు తీశారు. భాషలు వేరైనా అందరు డాక్టర్లూ ఒకటే మాటన్నారు: ఈమెకేమీ లేదు, ఆయన్ను తీసుకురండి. ఆ మాటను అఖిల ప్రతిసారీ బస్సెక్కించి ఇంటిదాకా తెచ్చేది. గడప దగ్గర అత్త శంకరమ్మ దాన్ని ఆపేసేది.

"మొగోనికి పరీక్షేందే? మా ఇంట్ల మొగోళ్లకు ఎన్నడన్న తక్కువైందా? నువ్వు ఉపాసముండు, అన్నీ అయితయ్."

మన దగ్గర పిల్లలు కనడం ఇద్దరి పని, కనకపోవడం మాత్రం ఒక్కదాని పని. ఈ లెక్క ఎవడు వేశాడో గాని, దిద్దమని అడిగినదాన్ని నోటిదురుసుదంటారు. అఖిలకు ఆ పేరు ఎప్పుడో వచ్చింది.

ముత్తన్నకు షుగరుంది. కొన్నేళ్ల కింద బస్టాండు దగ్గర ఉచిత శిబిరంలో వేలికి సూది గుచ్చి చెప్పారు. సర్కారు దవాఖానలో ఇచ్చే గోలీలు గుర్తుంటే వేసుకునేవాడు, లేకుంటే లేదు. షుగరు అతని కాళ్లలో తిమ్మిరిగా వచ్చింది, కళ్లలో మసకగా వచ్చింది. ఆ తరువాత పిలవకుండానే పడకగదిలోకి కూడా వచ్చి మధ్యలో కూర్చుంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అఖిలకు చెప్పనక్కరలేదు. పడుకునే వేళకు గోడవైపు తిరిగి, ఈసారి పసుపు ధర ఎట్లుంటుందో అని మాట్లాడే మగవాడి బాధేమిటో ఏ భార్యకైనా తెలుస్తుంది. అట్లా గడిచిన రెండేళ్లలో అఖిలకు పసుపు ధరల మీద వచ్చినంత పట్టు మార్కెట్ యార్డులో దళారులకు కూడా లేదు.

ఇట్లా ఉండగా తొలకరికి, మిరుగు కార్తె ముందు, రుద్రూర్ పరిశోధన కేంద్రంలో రైతుమేళా పెట్టారు. ముత్తన్న, అఖిల ఇద్దరూ పోయారు. టెంటు కింద మగవాళ్లొకవైపు, ఆడవాళ్లొకవైపు. మైకు ముందు బిందుమాధవి మేడం. నిజామాబాద్ కాలేజీలో మొక్కల్లోని రసాయనాల గురించి చెబుతుంది. తాతల కాలంలో కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చి, బోధన్ పక్క వలస రైతుల క్యాంపులో స్థిరపడ్డ కుటుంబం. ఆ కాలువ నీళ్లు తాగి పెరిగినా మాటలో 'అండి' మాత్రం అట్లాగే ఉంది.

"పసుపులో, మెంతుల్లో, కాకరలో, నేరేడు గింజల్లో కొన్ని పదార్థాలుంటాయండీ. రక్తంలో షుగర్ ఎక్కువైతే ఒంట్లో ఇనుముకి పట్టినట్టు తుప్పులాంటిది పడుతుంది. కళ్లకి పడుతుంది, కిడ్నీలకి పడుతుంది, మగవాళ్ల బీజకణాలకి కూడా పడుతుందండీ."

మగవాళ్లందరికీ ఒక్కసారిగా టెంటు కప్పు మీద ఏదో కనిపించింది. అందరూ పైకి చూశారు. ఆడవాళ్ల వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"షుగర్ తెప్పించిన ఎలుకలకి ఈ పదార్థాలు పెట్టి చూశారు. ఆ తుప్పు తగ్గింది, బీజకణాలు మెరుగుపడ్డాయి."

ముత్తన్న లేచి నిలబడ్డాడు. అతనికి సిగ్గుకంటే సందేహం ఎక్కువ.

"మేడం, మల్ల గా ఎలుకలకు పిల్లలైనయా?"

టెంటు కూలిందా అన్నట్టు నవ్వారు. మైకు కీచుమంది. బిందుమాధవి చెయ్యెత్తి, "వినండీ, పూర్తిగా వినండీ! అది ఎలుకల సంగతి. మనుషుల్లో ఇంకా గట్టిగా తేలలేదు. మాత్రలు మానెయ్యకూడదు, ముందు పరీక్ష చేయించుకోవాలి" అంటూనే ఉంది. ఆడవాళ్ల వరుస విన్నది. అఖిల మరీ విన్నది, తరువాత పోయి మేడం ఫోన్ నంబరు కూడా అడిగి తీసుకుంది. ముత్తన్న చెవిలో మాత్రం 'మెరుగుపడ్డాయి' దగ్గరే తలుపు పడిపోయింది.

అక్కడితో పోయినా బాగుండేది. మేడం తరువాత సేంద్రియ సాగు గురించి చెప్పే సారు లేచాడు. "రసాయనాలు ఒక్కసారిగా బందువెట్టుండ్రి. మొదటి పంట తగ్గుతది, పచ్చదనం పోతది, భయపడొద్దు. భూమి మందును మరిచిపోవాలె గదా. ఓపిక పట్టినోనికి మూడో ఏడు నుంచి తిరుగులేదు" అన్నాడు. ముత్తన్న తల ఊపుతూనే ఉన్నాడు. సారు పొలం గురించి చెప్పాడు, మేడం ఒంటి గురించి చెప్పింది. ముత్తన్న రెండింటినీ ఒకే తువ్వాలులో మూటగట్టుకుని ఇంటికొచ్చాడు.

వచ్చీ రాగానే గోలీల డబ్బా తీసి పెంటకుప్పలో పారేశాడు.

"ఇయ్యాల్టి సంది నేను ఆర్గానిక్" అన్నాడు.

అఖిల చేతిలో చీపురు అట్లాగే ఉండిపోయింది. "ఆర్గానిక్ అయితందుకు నువ్వేమన్న వంకాయ తోటవా? గోలీలు బందువెట్టొద్దని మేడం చెప్పలేదా?"

"గది ఎలుకలకు జెప్పింది."

"ఎలుకలకు గోలీలెవలు ఇస్తరు?"

ఈ ప్రశ్నకు ముత్తన్న దగ్గర జవాబు లేదు. జవాబు లేని ప్రశ్నలడిగితే ఆడదానికి వ్యవసాయం తెలియదని అర్థం. కాబట్టి అతను లెక్కలో పడ్డాడు. ఎలుక ఎంత బరువుంటుంది? అది చిటికెడు తిని బాగుపడితే, తానెంత తినాలి? ఎకరానికి మందు లెక్కగట్టే బుర్ర అది, గోడ మీద బొగ్గుతో గీసి తేల్చేసింది. ముత్తన్న బరువు నాలుగు వందల ఎలుకలు. నాలుగు వందల చిటికెలంటే దోసిళ్లే.

ఇక ఒంట్లో సాగు మొదలైంది. పొద్దున లేవగానే దుక్కిమందు: నానబెట్టిన మెంతులు, నీళ్లతో సహా. దాని మీద కాకరకాయ రసం. పదిగంటలకు పైపాటు: నేరేడు గింజల పొడి, తిప్పతీగ ఆకు. మధ్యాహ్నం విత్తనానికి దాచిన పచ్చి పసుపు కొమ్ము కొరికి నమలడం. ఉడకబెడితే సత్తువ పోతుందని అతనికతనే తేల్చుకున్నాడు. సాయంత్రం అన్నీ కలిపి ఒక చెంబు, తెగుళ్ల మందులు ట్యాంకులో కలిపినట్టు. పళ్లు, పెదాలు, వేళ్లు పసుపుపచ్చ. పెళ్లికొడుకును చేస్తున్నారా అని ఎదురొచ్చినవాళ్లు అడిగేవారు. మొదటి వారం కడుపులో నాలుగు వందల ఎలుకలూ ఒకేసారి పరుగెత్తాయి. అతను పొలం గట్టు వదిలి దూరం పోలేకపోయాడు.

"మందు పని జేస్తున్నది" అన్నాడు, చెంబుతో తిరిగొస్తూ.

ఊరు నవ్వింది. నవ్వినవాళ్లే తెల్లవారకముందే తలకు తువ్వాలు కప్పుకుని వచ్చారు. మొదట వచ్చినవాడు ఎర్రన్న. చెరుకు నరికే కూలీల మేస్త్రీ, గొంతు విప్పితే నాలుగు తోటల అవతల వినిపించే మనిషి. ఆ పొద్దున మాత్రం గాలితో మాట్లాడాడు.

"అన్నా, నాకు గాదు. మా బామ్మర్దికి. పిలగాడు జెర నీరసంగున్నడు. గా ఆకు... ఎంత తినాలె?"

"బామ్మర్ది బరువెంత?"

"నా అంతనే ఉంటడనుకో."

ఎర్రన్న తరువాత ఇంకొకడు, వాడి తరువాత ఇంకొకడు. అందరూ బామ్మర్దుల కోసమే. ఊళ్లో ఇంతమంది బామ్మర్దులు బలహీనంగా ఉన్నారని ముత్తన్నకు అప్పుడే తెలిసింది. దుకాణంలో మెంతులు అయిపోయాయి. చెట్ల మీది తిప్పతీగలు చెట్లకే మిగల్లేదు. బస్టాండు గోడల మీద 'మగవారి రహస్య బలహీనతలకు' అని రంగుల్లో రాయించుకునే వైద్యుల కంటే ముత్తన్న నయం. డబ్బు తీసుకోడు, అబద్ధం చెప్పడు. ముందుగా తననే మోసం చేసుకుని, ఆ మోసాన్ని ఉచితంగా పంచాడు.

దసరా నాటికి ముత్తన్న చొక్కా వదులైంది. దాహం పెరిగింది, బిందె పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. అఖిల ఒకరోజు అతని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"సూడు."

బాత్‌రూము తూము దగ్గర చీమలు. వరసలు వరసలు. చెరుకు లారీ బోల్తాపడ్డ చోట కూడా అన్ని చీమలు చేరవు.

"గివన్ని నీ కోసమే అచ్చినయ్. నువ్వు ఉచ్చబోసిన కాడ గానుగ వెట్టొచ్చు. ఇంకెప్పుడు పోతవ్ దవాఖానకు?"

ముత్తన్న చీమలను కాసేపు చూశాడు. లోపల ఎక్కడో భయం కదిలింది. దాన్ని మేళాలో విన్న మాటతో కప్పేశాడు.

"మొదటి పంట తగ్గుతదని సారు ముందుగాలనే జెప్పిండు. ఒళ్లు మందును మరిచిపోవాలె. మూడో ఏడు సూడు."

"మూడో ఏడు దాకా నువ్వుండాలె గదయ్యా!"

అంతలో మరో పిడుగు. ధర్మాబాద్ దగ్గర ఉండే శంకరమ్మ తమ్ముడు హన్మాండ్లు ఒక సంబంధం పట్టుకొచ్చాడు. తండ్రి లేని పిల్ల, అడిగేవాళ్లు లేరు, అడగనవసరమూ లేదు. ఒక పెళ్లాం ఉండగా ఇంకొకదాన్ని చేసుకోవడం చట్టం ఒప్పుకోదని ఊళ్లో అందరికీ తెలుసు. చట్టం బోధన్ దాటి బస్సెక్కి రాదని కూడా తెలుసు. పసుపు అమ్ముడుపోగానే కూర్చుని మాట ఖాయం చేసుకుందామన్నాడు హన్మాండ్లు. ముత్తన్న ఔననలేదు, కాదనలేదు. తలవంచుకుని మెంతులు నమిలాడు. అతని భయం వేరు. ఇంకో పెళ్లంటే ఇంకో గోడవైపు తిరిగి, ఇంకో మనిషికి పసుపు ధర చెప్పాలి.

అఖిల ఏడవలేదు. ఆ సాయంత్రం చెంబు కలుపుతున్న మొగుడి ముందు పీట వేసుకుని కూర్చుంది.

"ఒక్క మాట. నన్ను ఎన్ని దవాఖాన్లు దిప్పినా పోయిన. ఇగ నీ వంతు. పసుపు అమ్ముడువోయే లోపల నువ్వు పరీక్షకు రావాలె. అచ్చినంక లోపం నీదైనా నాదైనా నీ తోడుంట. రాకుంటే, మీ మామ ఇంటికచ్చి కూసున్ననాడు నేను బోధన్ల రూము దీస్కొని కుట్టుమిషిని వెట్టుకుంట. మా బాపు ఇంటికి గూడ పోను. ఆకులు నమిలేటోని కోసం నా బతుకు నమిలించుకోను."

"మందు పని జేస్తున్నదే..."

"పసుపు ధర ఎంతున్నది ఇప్పుడు?" అని అడిగి అఖిల లేచిపోయింది.

ఆ ఒక్క ప్రశ్న ముత్తన్నకు కాకరరసం కంటే చేదుగా దిగింది. అయినా పోలేదు. పరీక్ష అంటే ఏం చేయాలో ఎవరో చెప్పారు, డబ్బా ఇస్తారట, గదిలో పెట్టి తలుపు వేస్తారట. అతనికి భయం లోపం తేలుతుందని కాదు. ఆ గదిలో కూడా తన ఒళ్లు గోడవైపే తిరుగుతుందని.

పసుపు తవ్వారు, ఉడకబెట్టారు, ఎండబెట్టారు. సంచులు ట్రాక్టరుకెత్తి భార్యాభర్తలు నిజామాబాద్ యార్డుకు పోయారు. కొనేవాడు సంచిలో చెయ్యి దూర్చి ఒక కొమ్ము తీశాడు. ఫట్‌మని విరిచి లోపలి రంగు చూశాడు, వాసన చూశాడు, తల ఊపాడు. అఖిల మొగుడి పక్కకు జరిగింది.

"సూసినవా? లోపట సూడకుండ కొమ్మునే కొంటలేరు."

ముత్తన్న ఏదో అనబోయాడు. యార్డు గిర్రున తిరిగింది. పసుపు సంచుల మీదికి వాలిపోయాడు. హమాలీలు మొదట అలసిపోయి పడుకున్నాడనుకున్నారు. లేపితే లేవలేదు. ఒళ్లంతా పసుపు, మొహం తెల్లగా. ఎవరో కామెర్లన్నారు. అఖిల, "కామెర్లు గాదు, ఆర్గానిక్" అని ఆటో పిలిచింది.

దవాఖానలో వేలికి సూది గుచ్చితే, మిషన్ అంకె చూపించడం మానేసి 'హై' అని రాసి ఊరుకుంది. సెలైన్ పెట్టారు, ఇన్సులిన్ ఇచ్చారు. మర్నాటికి తెలివొచ్చిన ముత్తన్న మొదట అన్నమాట: "గా మేడం మోసం జేసింది."

"అట్లనా?" అని అఖిల ఫోన్ తీసి నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. "మేడం, రుద్రూర్ మేళాల ఎలుకలకు పిల్లలైనయా అని అడిగిండు సూడు, ఆయన. గోలీలు బందువెట్టి ఆకులు దిని పండుకున్నడు. మీరే మోసం జేసిండ్రంటున్నడు."

వార్డు వార్డంతా చెవులు రిక్కించింది.

"అయ్యో రామ! మాత్రలు మానొద్దని మైకులో అరిచానండీ!" అంది బిందుమాధవి. "ఆ ఎలుకలకి ఇచ్చింది కొలిచి తీసిన సారం. మీలా చెంబులు తాగించలేదు. అయినా ముత్తన్నగారూ, మీరు పిల్లలైనయా అని అడిగారు కదా, ఆవేళ నవ్వుల్లో చెప్పలేకపోయాను. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే, ఆఖర్న ఆ ఎలుకల్ని కోసి, ఆ భాగం బయటికి తీసి చూస్తారండీ."

ముత్తన్న రెండు చేతులూ దుప్పటి మీదికి, అవసరమైన చోటికి పోయాయి.

"కోస్తరా?"

"కోస్తారు. ఎలుకకి వేరే దారి లేదు పాపం. మీకైతే చిన్న డబ్బా ఇస్తారు. అంతే."

పక్కమంచం ముసలాయన నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. అఖిల ఫోన్ పెట్టేసి మొగుడి వైపు చూసింది. "నాకు గూడ లోపటికి మందెక్కించి సూసిండ్రు. నాకు డబ్బా ఇయ్యలే" అంది, నెమ్మదిగా. ముత్తన్న దుప్పటి మీది చేతులు తీసేశాడు.

"పోదాం" అన్నాడు.

షుగర్ దిగాక నిజామాబాద్‌లోనే ఖలీల్‌వాడిలో ఒక సంతాన కేంద్రానికి పోయారు. బయట బల్లల మీద మగవాళ్లందరూ దంతాల డాక్టరు దగ్గరికి వచ్చినట్టు మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అక్కడ పేరు నమోదు భార్యదే. నర్సు బయటికొచ్చి గట్టిగా పిలిచింది. "అఖిల హస్బెండ్ ఎవరూ?"

ముత్తన్న అటూ ఇటూ చూశాడు. ఫలానావాడి భార్య అని జీవితమంతా పిలిపించుకోవడం అఖిలకు అలవాటే. ఫలానామె మొగుడని పిలిపించుకోవడం అతనికి ఇదే మొదలు. లేచి చెయ్యెత్తాడు, బడిలో లాగా.

డబ్బా ఇచ్చారు. గది చూపించారు. తలుపు వేసుకుని అతను డబ్బాను చూశాడు, డబ్బా అతన్ని చూసింది. గోడ మీద నవ్వుతున్న బుజ్జిపాప క్యాలెండరు. ఆ పాప ముందు అతనికి ఇంకా సిగ్గేసి, తిప్పి పెట్టాడు. చివరికి తలుపు సందులోంచి తల బయటపెట్టి, "అఖిలా" అని పిలిచాడు.

"ఏమైంది?"

"అయితలేదు."

ఇన్నేళ్లలో ముత్తన్న ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. అఖిల లేచింది. రుమాళ్ల వెనక నుంచి చూస్తున్న మగవాళ్లందరి ముందు నుంచీ నడిచిపోయి, గదిలోకి దూరి తలుపు వేసింది. లోపల ఏం మాట్లాడుకున్నారో మనకక్కర్లేదు. పసుపు ధర గురించి మాత్రం కాదు.

డాక్టర్ సతీష్‌బాబు రిపోర్టు చూసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "కణాలు తక్కువున్నాయి, ఉన్నవి చురుగ్గా లేవు. షుగర్‌ను ఏళ్లతరబడి వదిలేశారు కదా, దాని దెబ్బ కొంత. మిగతా ఇబ్బంది కూడా చాలావరకు షుగర్ తెచ్చిందే, దానికి మందులున్నాయి, సిగ్గు అనవసరం. షుగర్ అదుపులో పెట్టండి, మూడు నెలల తరువాత మళ్లీ చూద్దాం. మెరుగవ్వచ్చు, కాకపోవచ్చు. కాకపోతే వేరే దారులున్నాయి. ఆమెలో మాత్రం ఏ లోపమూ లేదు."

"మెంతులు, సారూ?"

"పప్పులో వేసుకుని తినండి. పప్పులో! గోలీ బదులు కాదు."

ఇంటికొచ్చేసరికి హన్మాండ్లు దిగి ఉన్నాడు. పక్కన కులపెద్దలు ఇద్దరు. శంకరమ్మ చాయ్ పెట్టింది. వాకిట్లో చాపల మీద అందరూ సర్దుకున్నాక హన్మాండ్లు గొంతు సవరించాడు.

"అల్లుడా, పిల్ల జెర సన్నగుంటది గని పనిమంతురాలు. అఖిలను మేమేం ఎల్లగొడ్తలేం. ఇద్దరుంటరు. ఇంటికి దీపం గావాలె గదా."

అఖిల గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె వెనక, లోపలి అర్రలో, వచ్చీ రాగానే బట్టలు సర్ది కట్టిన సంచి ఒకటి. ముత్తన్నకు అది కనిపించింది. లోపం ఎవరిదైనా తోడుంటానన్న మనిషి సంచెందుకు కట్టింది? ఆలోచిస్తే అర్థమైంది. పరీక్షకు వచ్చాడు సరే, నలుగురిలో నోరు విప్పుతాడా లేదా అన్నది ఇంకా తేలలేదు.

"మామా," అని మొదలుపెట్టాడు. "నేను గోనెల సుట్టి మొలక సూడకుంట గింజ సల్లను, నీకెరికే. ఇంట్ల మాత్రం విత్తనం సూడలే. భూమిని తిట్టుకుంట కూసున్న..."

"ఆగు," అంది అఖిల. "నేను భూమిని గాదు. దున్నుడు, మొలుసుడు, గా ముచ్చట్లు బంజెయ్. మనిషి లెక్క చెప్పు."

ముత్తన్న చెమట తుడుచుకున్నాడు. సాగు మాటలు తీసేస్తే అతని దగ్గర మాటలు తక్కువ.

"లోపం నాది. షుగరుతోని అచ్చింది. దవాఖానల పరీక్ష జేయించుకున్న. అఖిలకు ఏం లేదు. ఎన్నడూ లేదు."

హన్మాండ్లు తాగుతున్న చాయ్ ముక్కులోకి పోయింది. కులపెద్దలిద్దరికీ, మేళా టెంటులో మగవాళ్లకు లాగే, పైన ఆకాశంలో ఏదో కనిపించింది. శంకరమ్మ చటుక్కున లేచి వాకిలి తలుపు వేయబోయింది.

"మెల్లగ అనరా కొడ్కా! పక్కింటోళ్లు ఇంటరు!"

"ఇననియ్ అవ్వా. అఖిలకు పిల్లలు గారని కల్లు దుకాణంల గూడ చెప్పినవ్ గదనే, గట్టిగ. నా ముచ్చట గూడ గంతే గట్టిగ చెప్పాలె."

నిజంగానే గట్టిగా చెప్పాడు, ఇంకోసారి. పక్కింట్లో రోకలి చప్పుడు ఆగిపోయింది.

శంకరమ్మ చాయ్ గ్లాసులు ఒక్కొక్కటే ఏరింది. తరువాత కొంగుతో ముక్కు తుడుచుకుని, కోడలి వైపు చూడకుండా, "మల్ల గిప్పుడు గోలీ ఏసుకునే యాళ్లైందా వీనికి?" అంది. ఆమెకు క్షమాపణ చెప్పడం రాదు. అఖిల అది తీసుకోనూ లేదు, తోసెయ్యనూ లేదు. "తిన్నంక" అంది. సంచి మాత్రం అర్రలో అట్లాగే రెండు రోజులుంచి, మూడో రోజు విప్పింది.

హన్మాండ్లు పోతూ పోతూ ముత్తన్నను పశువుల కొట్టం చాటుకు తీసుకుపోయాడు. "గా డాక్టర్ నంబరున్నదా? నాకు గాదు. మా పెద్దల్లునికి." ధర్మాబాద్ పిల్ల ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ముత్తన్న పొద్దున్నే గోలీ వేసుకుంటాడు, కాలువ కట్ట మీద నడుస్తాడు, పొలానికి పోతాడు. తూము దగ్గర చీమలు లేవు. పసుపు కూరలోకి తిరిగిపోయింది. పిల్లల సంగతి ఇంకా తేలలేదు. మూడు నెలల గడువు నడుస్తోంది. పడుకునే వేళ వాళ్లింట్లో ధరల చర్చ తగ్గిందని మాత్రం చెప్పగలం.

ఆకుల ముత్తన్న అన్న పేరు పోలేదు గనక, తెల్లవారుజామున తువ్వాళ్లు కూడా ఆగలేదు. మొన్న మళ్లీ ఎర్రన్న వచ్చాడు. అతని భార్యను పోయిన వారమే రెండో దవాఖానకు తిప్పారని ఊరందరికీ తెలుసు.

"అన్నా, ఆకు..." అన్నాడు గాలితో.

"ఆకు లేదు. దవాఖాన పేరున్నది. గట్టిగ అడుగు, చెప్త."

"నాకు గాదన్నా..."

"బామ్మర్దికైతే బామ్మర్దినే రమ్మను. ఎవలికి గావాలె?"

ఎర్రన్న తువ్వాలు సర్దుకున్నాడు. వీధి అటు చూశాడు, ఇటు చూశాడు. లోపల అఖిల కసువు ఊడవడం ఆపింది. ఎర్రన్న వెనక్కి రెండడుగులు వేశాడు, మళ్లీ ముందుకొచ్చాడు. తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. చెరుకు తోటలో కూలీలను పిలిచే గొంతు మెల్లమెల్లగా బయటికొచ్చింది.

"నాకే" అన్నాడు.